స్పీడు తగ్గిన గార్డ్‌ని ‘ఫోర్’లో ఆడించండి

సంపాదకులకు నమస్కారం.

జట్టు ఎంపికలప్పుడు కర్నూలు బాస్కెట్‌బాల్ కోర్టుల్లో తరచూ వినబడే మాట: ‘అన్నకు స్పీడు తగ్గింది, పక్కన పెట్టండి’. ఏళ్ల తరబడి పాయింట్ గార్డ్‌గా, అంటే బంతి నడిపించి పాసులిచ్చేవాడిగా, ఆడినవాడికి ముప్పై దాటాక మొదటి అడుగు మందగిస్తుంది, నిజమే. బంతి ఎక్కడికి పోవాలో చూసే కన్ను మందగించదు కదా! అతన్ని ఫోర్‌లో, అంటే మామూలుగా రింగు దగ్గర ఆడే పవర్ ఫార్వర్డ్‌గా, ఆడించి చూడాలి.

ఒళ్లు వచ్చింది కదా అని రింగు కింద నిలబెట్టేస్తారు, అదీ తప్పే. అక్కడ ప్రతి రీబౌండ్‌కీ, అంటే షాట్ తప్పి తిరిగొచ్చే బంతికీ, ఎగిరి సిమెంటు మీద దిగాలి; ముందు పోయేవి మోకాళ్లు. ఫ్రీ త్రో గీత కొసన ఉంచండి. గార్డ్‌కు స్క్రీన్ వేసి, అంటే అతన్ని కాసేవాడి దారికి అడ్డంగా నిలబడి, రింగు వైపు ఉరకకుండా అక్కడే బంతి అందుకుంటే రెండు కార్నర్లూ, లోపలికి దూరే కుర్రాడూ ఒక్కచూపులో కనబడతారు. అతన్ని కాసే పొడుగాటి మనిషి బయటికి రాక తప్పదు, రింగు దగ్గర ఖాళీ దొరుకుతుంది. అయితే 6.75 మీటర్ల త్రీ-పాయింట్ గీత అవతల నుంచి పదికి మూడైనా పడాలి. లేకుంటే ఆ పొడుగాయన కదలడు. ఈ వయసులో షాట్ ఏం నేర్చుకుంటాడులే అనకండి: అమెరికా లీగ్ ఎన్‌బీఏలో పొడుగాటి సెంటర్ ఆటగాడు బ్రూక్ లోపెజ్ తొలి ఎనిమిది సీజన్లలో వేసిన త్రీలు మూడే, 2016-17 ఒక్క సీజన్‌లో 134.

అసలు చిక్కు డిఫెన్స్‌లో. ఎదుటివాళ్ల షాట్ గాల్లోకి లేవగానే ముందుకు ఉరకడం గార్డ్ అలవాటు. ఫోర్ మొదట తన మనిషిని వెతికి, వీపుతో అడ్డుకుని, ఆ తర్వాతే బంతి చూడాలి. ఇది నోటితో చెబితే రాదు. రోజూ ప్రాక్టీసు చివర ఐదు నిమిషాలు, రింగుకు తగిలిన బంతి నేల మీద పడేదాకా ఎవరూ ముట్టకుండా ఈ వీపు అడ్డు (బాక్స్ అవుట్) చేయించండి. వెనకబడ్డప్పుడు చేయి వేస్తాడు, అయిదో ఫౌల్‌తో బయటికి పోతాడు. తొలి క్వార్టర్‌లోనే రెండు పడితే కాసేపు కూర్చోబెట్టడం మేలు.

నాకౌట్ మ్యాచ్‌లో ఈ ప్రయోగం మొదలుపెట్టేవాళ్లకు దండం. ఫ్రెండ్లీల్లో, రెండో క్వార్టర్‌లో నాలుగైదు నిమిషాలు చాలు. అతని పాయింట్లు కాదు, అతను కోర్టులో ఉన్నంతసేపు రెండు జట్ల స్కోరు తేడా రాసుకోండి. కొత్త గార్డ్‌నీ గమనించండి. ప్రెస్ పడగానే, అంటే ఎదుటివాళ్లు కోర్టంతా మీదపడి కాయగానే, అలవాటుకొద్దీ అన్నకే బంతి ఇస్తాడు. 8 సెకన్లలో సగం గీత దాటించే పని మళ్లీ అన్నదే అయితే, స్థానం మారింది స్కోరు షీట్‌ వెనక గీసిన బొమ్మలోనే.

- ఒక బాస్కెట్‌బాల్ శిక్షకుడు, కర్నూలు