బడి పక్కన 50 మీటర్ల నిబంధన అమలయ్యేదెప్పుడు?

సంపాదకుల వారికి నమస్కారం.

అంబాజీపేట దగ్గర ఒక హైస్కూలు ఎదురుగా ఇరవై రెండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఇంటర్వెల్ బెల్లు కొట్టిన పది నిమిషాలే నాకు పెద్ద బేరం. "మావయ్యా, చల్లగా ఉన్నది ఇవ్వు" అని చేతులు చాపే పిల్లలకు పది రూపాయల కూల్‌డ్రింకులు, మామిడి జ్యూసులు, క్రీమ్ బిస్కెట్లు అమ్మిన డబ్బుతోనే నా పిల్లల్ని చదివించుకుంటున్నాను. అందుకే బడి గేటు దగ్గర పంచదార ఎక్కువున్న తినుబండారాల అమ్మకం గురించి ఈ ఉత్తరం రాయడానికి చాలా రోజులు వెనకాడాను.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఒక రాత్రి కొట్టు కట్టేసే వేళ సీసా మీది చిన్న అక్షరాలు చదివి, "నాన్నా, 100 మిల్లీలీటర్లకి 11 గ్రాముల పంచదారట. సీసా 200. ఎంతవుతుందో కాటా మీద పొయ్యి" అంది. పోశాను. 22 గ్రాములు. అంటే ఐదు చెంచాలు. పక్కన క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్ లెక్క చూసి ఇంకో 20 గ్రాములు పోశాం. ఏడో తరగతి పిల్లాడు ఒకడు రోజూ ఆ రెండూ కలిపే కొంటాడు. కాగితం మీద ఆ కుప్ప చూస్తుంటే వాడి మొహమే కళ్లముందు మెదిలింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి విడిగా కలిపిన పంచదార 25 గ్రాములు దాటకూడదు. చిన్నపిల్లలకు ఆ హద్దు ఇంకా తక్కువ. ఆ పిల్లాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చోకముందే దాన్ని దాటేస్తున్నాడు.

మన వైపు తీపి మాట రాగానే తప్పంతా పూతరేకులదీ కాజాలదీ అన్నట్టు మాట్లాడతారు. నేను ఒప్పుకోను. ఆత్రేయపురం పూతరేకైనా, తాపేశ్వరం కాజా అయినా, సంక్రాంతి అరిసె అయినా తీపని తెలిసే తింటాం. పండక్కో, చుట్టాలొస్తేనో తింటాం. అసలు బెంగ తీపని తెలియకుండా రోజూ లోపలికి పోయేదాని గురించే. పాలల్లో కలిపే మాల్ట్ పొడినే తీసుకోండి. తల్లులు బలానికని అడిగి మరీ కొంటారు. కొన్ని రకాల్లో మూడో వంతు వరకూ పంచదారే ఉంటుంది. వీటిని హెల్త్ డ్రింకులని చూపించి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు చెప్పింది. నా కొట్టుకొచ్చే తల్లుల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తగా వినలేదు. ప్యాకెట్ మీద లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అని ఉంటే అదీ చక్కెరేనని వాళ్లకెలా తెలుస్తుంది? అదీ ఇంగ్లిషులో, భూతద్దం పెట్టి చదవాల్సినంత చిన్నగా!

కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువున్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నిబంధన పెట్టింది. నా కొట్టు గేటుకు పాతిక అడుగులు. ఇన్నేళ్లలో ఎవరూ వచ్చి ఈ మాట చెప్పలేదు. మా అమ్మాయి ఫోన్‌లో చదివి చెబితే తెలిసింది.

తెలిశాక ఇంటర్వెల్‌లో కూల్‌డ్రింకులు ఇవ్వడం మానేశాను. కూల్‌డ్రింకు కంపెనీ ఇచ్చిన ఫ్రిజ్‌లో వాళ్ల సీసాలే పెట్టాలంటారు కాబట్టి, ఇంట్లో ఫ్రిజ్ కొట్లోకి తెచ్చి మజ్జిగ ప్యాకెట్లు పెట్టాను. జామకాయలు, ఉడకబెట్టిన వేరుశెనగ కాయలు కూడా పెట్టాను. కొందరు కొన్నారు. ఎక్కువమంది రోడ్డు దాటి అవతలి కొట్టుకు పోయారు. పది రోజులకు మళ్లీ సీసాలు అమ్మక తప్పలేదు. ఊరి చుట్టూ కొబ్బరి తోటలే, అంబాజీపేట మార్కెట్ నుంచి కాయ లారీల్లో బయటి రాష్ట్రాలకు పోతుంది, కానీ పది రూపాయలకు బొండాం రాదు, పంచదార నీళ్ల సీసా వస్తుంది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

2025 మే నెలలో సీబీఎస్‌ఈ తన బడులన్నిటిలో షుగర్ బోర్డులు పెట్టమంది. ఏ తినుబండారంలో ఎంత పంచదార ఉందో పిల్లలకు కనబడేలా రాసిపెట్టడం అన్నమాట. ఒకప్పుడు పెద్దవాళ్లకే వచ్చే టైప్ 2 మధుమేహం పిల్లల్లోనూ పెరుగుతోందని ఆ సర్క్యులర్‌లోనే ఉంది. 11 నుంచి 18 ఏళ్ల వాళ్లు తినే కేలరీల్లో 15 శాతం చక్కెర నుంచే వస్తున్నాయనీ అందులో రాశారు. మన పల్లెల్లో పిల్లలు ఎక్కువగా చదివేది జిల్లా పరిషత్ బడుల్లో. అక్కడా ఆ బోర్డు పెట్టించాలి, తెలుగులో పెట్టించాలి. గ్రాములు రాసి వదిలేయకుండా ఎన్ని చెంచాలో కూడా రాయాలి.

50 మీటర్ల నిబంధన విషయంలో అధికారులకు నాదొకటే విన్నపం. ఒక కొట్టు మీద పడి జరిమానా రాసి వెళ్లిపోవద్దు. బడి చుట్టూ ఉన్న కొట్లన్నిటికీ ఒకే రోజు నోటీసు ఇవ్వండి, ఉన్న సరుకు అమ్ముకోవడానికి నెల రోజులు గడువివ్వండి. అవతలి కొట్టాయనా నేనూ ఒకే రోజు మానేస్తే పిల్లలకు రోడ్డు దాటే పని ఉండదు. ఆ నోటీసు ఇచ్చిన రోజే కంపెనీ ఫ్రిజ్ తిరిగి పట్టుకెళ్లమని ఫోన్ చేస్తాను.

ఇట్లు,
ఒక కిరాణా వ్యాపారి,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా