పూర్వ విద్యార్థుల సంఘం వార్షిక నివేదిక: ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలతో చదువు గంట

సంఘ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఓపికంతా ఒక్క పనికే పెట్టింది. మనం చదువుకున్న బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు చదవడం నేర్పించాం. ‘ఆ వయసు పిల్లలకు చదవడం రాకపోవడమేంటి?’ అని పోయిన సర్వసభ్య సమావేశంలో కొందరు అడిగారు. ముందు దానికే జవాబు చెబుతాను.

మొదటి వారంలో ఏడో తరగతి బాబు ఒకడు సోషల్ పాఠం చదివాడు. ‘వర్షాభావ పరిస్థితుల వల్ల భూగర్భ జలమట్టం పడిపోయింది’ అన్న వాక్యాన్ని ఒత్తులతో సహా ఎక్కడా తడబడకుండా చదివాడు. వర్షాభావం అంటే ఏంటి నాన్నా అని అడిగితే, వర్షం గురించిన భావం అన్నాడు. వాళ్ల చేలో వానల్లేక బోరు ఎండిపోయిన సంగతి వాడికి బాగా తెలుసు. వాళ్ల నాన్న ఆ బోరు దగ్గర పడిన బాధ కూడా చూశాడు. పుస్తకంలో ఉన్నది ఆ సంగతేనని మాత్రం తెలియలేదు. వర్షం, అభావం అని మాటను విడదీసి, అభావమంటే లేకపోవడం అని చెప్పగానే, ‘మా బోరు సంగతే కదండీ’ అన్నాడు.

మన బడుల్లో ఈ లోపం బయటపడకపోవడానికి ఒక కారణం ఉంది. 1904లో జె.ఎం.జె. (జీసస్ మేరీ జోసెఫ్) సభ సిస్టర్లు గుంటూరు వచ్చిన నాటి నుంచీ ఇక్కడి క్యాథలిక్ బడులకు గట్టిగా, స్పష్టంగా చదివించే అలవాటు ఉంది. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన, ఆదివారం గుడిలో పఠనం, వార్షికోత్సవంలో ప్రసంగం, అన్నీ పిల్లలే చదువుతారు. అది మంచి అలవాటు. నాకు మైకు భయం పోయింది ఆ పఠనాల వల్లే. కానీ గొంతు బాగున్న పిల్లకు అర్థం కూడా తెలుసని మనం అనుకుంటాం, ఇంకేమీ అడగం. పిల్లలు గైడు చూసి క్వశ్చన్ ఆన్సర్లు బట్టీ పడతారు, మార్కులూ వస్తాయి. దాంతో అసలు సంగతి పదో తరగతిదాకా ఎవరికీ తెలియదు.

మాటలు కూడబలుక్కునే పిల్లలూ లేకపోలేదు. పిల్లల చదువుపై ప్రథమ్ సంస్థ చేసిన 2022 ‘అసర్’ సర్వే ప్రకారం మన దేశపు పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్లు 69.6 శాతమే. చిన్న పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పడానికి 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం దృష్టి మూడో తరగతివరకే ఉంది. ఆరో తరగతికి వచ్చాక చదవడం నేర్పే పీరియడంటూ ఉండదు. అక్కడ ఆగిపోయిన పిల్లలను పట్టించుకునేవాళ్లు లేరు. మన సంఘం ఆ పని పట్టుకోవడానికి కారణం ఇదే.

హెడ్మిస్ట్రెస్ సిస్టర్ సాయంత్రం స్టడీ అవర్‌లో మొదటి ఇరవై నిమిషాలు మాకిచ్చారు. 1984లో అమెరికాలో పాలింక్సార్, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడో తరగతి పిల్లలతో చేసి చూపిన పద్ధతిని తీసుకున్నాం. పైకి బాగా చదివినా అర్థం కాని పిల్లల కోసమే వాళ్లు దాన్ని తయారు చేశారు. నలుగురైదుగురు పిల్లలు గుండ్రంగా కూర్చుని ఒక పేరా చదువుతారు. ఒకరు ప్రశ్న అడుగుతారు, ఒకరు అర్థం కాని మాట పట్టుకుంటారు, ఒకరు సొంత మాటల్లో రెండు వాక్యాల్లో చెబుతారు, ఇంకొకరు తర్వాత ఏం రావచ్చో ఊహిస్తారు. మర్నాడు పనులు మారతాయి. మొదట్లో పిల్లల ప్రశ్నలన్నీ ‘ఎప్పుడు, ఎక్కడ’ దగ్గరే ఆగేవి. దసరా సెలవుల తర్వాత ‘ఎందుకు’ అని అడగడం మొదలైంది. నాకు ఈ ఏడాదిలో అన్నిటికంటే సంతోషం కలిగించింది అదే.

సిలబస్ అవ్వదేమోనని సైన్స్, సోషల్ టీచర్లకు టెన్షన్ ఉండింది, అది న్యాయమే. అందుకే వేరే పుస్తకాలు పెట్టకుండా మర్నాడు వాళ్లు చెప్పబోయే పాఠాన్నే చదివించాం. దాంతో వాళ్లకూ పని తేలికైంది.

ఒక తప్పు చేశాం, అది దాచను. ఒత్తులు రాని పిల్లలను మొదట్లో విడిగా ఒక బెంచీ మీద కూర్చోబెట్టాం. మూడో రోజుకల్లా మిగతా పిల్లలు దానికో పేరు పెట్టారు. ఒకమ్మాయి కడుపునొప్పి అని స్టడీ అవర్ మానేసింది. సంగతి తెలిసి ఆ బెంచీ తీసేశాం. ఇప్పుడు వాళ్లూ మిగతా పిల్లలతో కలిసి గుంపుల్లోనే ఉంటారు. గుణింతాలు, ఒత్తులు మాత్రం ఉదయం బడికి ముందు మన సభ్యురాలొకరు ఒక్కొక్కరికీ విడిగా చెబుతున్నారు. ఆ అమ్మాయి తిరిగి వస్తోంది.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల్లో బడి లైబ్రరీ బీరువా తాళం తీసేయించాం. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పల్లెలకు పుస్తకాలు పంపిన జిల్లా మనది. అలాంటిచోట పుస్తకాలు తాళం వెనక ఉండటం నాకు బాధనిపించింది. ఇప్పుడు ప్రతి తరగతిలో ఒక పెట్టె ఉంది, పిల్లలే రాసుకుని ఇంటికి తీసుకెళతారు. కొన్ని పుస్తకాలు పోయాయి. పోనివ్వండి.

ఇంగ్లిష్ విషయంలో ముందుకు వెళ్లలేకపోయాం. రెండు భాషల్లో ఉన్న పాఠ్యపుస్తకాల్లో తెలుగు పేజీ ముందు చదివించి, తర్వాత ఇంగ్లిష్ పేజీకి వెళితే పాఠం కొంత అందుతోంది. దాన్ని నిలకడగా నడపడానికి మా దగ్గర మనుషులు చాలలేదు.

మిర్చి కోతలు మొదలయ్యాక చాలామంది పిల్లలు అమ్మానాన్నలతో చేలకు వెళ్లిపోయారు, గుంపులు చెదిరిపోయాయి. వచ్చే ఏడాది ఆ నెలల్లో శని, ఆదివారాల్లో ఊళ్లలోనే కూర్చోబెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. దీనికి మోటార్ సైకిల్ ఉండి, సాయంత్రం రెండు గంటలు ఇవ్వగలిగిన సభ్యులు కావాలి. ఇంగ్లిష్ చదివించగలవారు ముందుగా పేరివ్వండి. మిగతా కార్యక్రమాలైన ఆరోగ్య శిబిరం, మొక్కల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, సమావేశానికి ముందు చూసి అనుమానాలుంటే అడగండి.

– కార్యదర్శి