తప్పు దిద్దుకునే దారి ఎవరు వేశారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారములు.

హైదరాబాద్‌లో చదువుకుని సాంకేతిక రంగంలో పేరు తెచ్చుకున్న వారి గురించి మీ పత్రికలో వచ్చే కథనాలను నేను శ్రద్ధగా చదువుతాను, కొన్నింటిని కత్తిరించి దాచుకుంటాను కూడా. మన ఊరి పిల్లలు పెద్ద సంస్థలకు సారథులయ్యారంటే అందరిలాగే నాకూ సంతోషమే. అయితే ఆ కథనాలన్నీ దాదాపు ఒకే దారిన నడుస్తాయి. ఎక్కడ పుట్టారు, ఏ కళాశాలలో చదివారు, ఏ ఏడాది విమానం ఎక్కారు, ఇప్పుడు జీతమెంత అన్నవి వివరంగా ఉంటాయి. ఇరవై ముప్పై ఏళ్లు వారు చేసిన పని మాత్రం ‘ఎంటర్‌ప్రైజ్ ప్లాట్‌ఫాంలు, కృత్రిమ మేధ సాధనాలు రూపొందించారు’ అన్న ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది. ఆ వాక్యం లోపల ఏముంటుందో, దానిలో దేన్ని చూసి మనిషిని మెచ్చుకోవాలో చెప్పాలన్న తపనతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 1998లో ఈ వృత్తిలోకి వచ్చాను. మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన సంవత్సరమది. అమీర్‌పేటలో కోర్సు చేసి, ఒక చిన్న సంస్థలో టెస్టర్‌గా, అంటే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పనిలో, చేరి, ఆ తర్వాత బ్యాంకులకు, బీమా సంస్థలకు, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే బృందాలలో పనిచేసి, చివరి పన్నెండేళ్లు అటువంటి బృందాలను నడిపి, నిరుడు విరమించుకున్నాను.

ఎంటర్‌ప్రైజ్ ప్లాట్‌ఫాం అంటే ఒక సంస్థలోని శాఖలన్నీ తమ లెక్కలను, రికార్డులను, అనుమతులను ఒకే చోట నడుపుకొనే వ్యవస్థ. దాని గొప్పతనం తెలియాలంటే మన నగరంలోనే పుట్టిన ఒక ఉదాహరణ చాలు. రిజర్వ్ బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో బ్యాంకింగ్ సాంకేతికత మీద పరిశోధన చేసే ఐడీఆర్‌బీటీ అనే సంస్థను స్థాపించింది. మాసబ్‌ట్యాంక్ దగ్గర కాసిల్ హిల్స్‌లో ఉన్న ఆ సంస్థ 2004లో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను ప్రారంభించింది. ఒక బ్యాంకు కార్డు మరో బ్యాంకు ఏటీఎంలో పనిచేసేలా దేశంలోని బ్యాంకులను కలిపిన వ్యవస్థ అది. 2009 డిసెంబరులో దాని నిర్వహణ దేశంలో చెల్లింపుల వ్యవస్థలను నడిపే ఎన్‌పీసీఐ చేతికి వెళ్లింది. రోజూ కార్డు పెట్టి డబ్బు తీసుకునే మన నగరవాసులలో ఎంతమందికి అది ఇక్కడ మొదలైందని తెలుసు?

ఆ స్విచ్ చేసే పనిని కొంచెం దగ్గరగా చూద్దాం. మీరు కార్డు పెట్టి రెండు వేలు అడిగితే ఆ అభ్యర్థన ఏటీఎం ఉన్న బ్యాంకు నుంచి స్విచ్‌కు, అక్కడి నుంచి మీ ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్తుంది. అక్కడ నిల్వ చూసి, ఖాతాలో తగ్గించి, సరేనన్న జవాబు అదే దారిలో వెనక్కి వస్తుంది. అంతా కొన్ని సెకన్ల పని, అది కష్టమైన భాగం కాదు. ఖాతాలో డబ్బు తగ్గాక, నోట్లు బయటికి రాకముందే కరెంటు పోతే ఏం జరగాలి? నోట్లు సగం వచ్చి ఇరుక్కుంటే? జవాబు దారిలోనే పోతే? ఈ ప్రశ్నలన్నిటికీ ముందే జవాబు రాసిపెట్టి, తగ్గిన సొమ్మును తిరిగి జమచేసే మార్గాన్ని, మర్నాడు రెండు బ్యాంకుల లెక్కలు సరిచూసే పద్ధతిని కట్టడంలోనే ఇంజినీర్ల శ్రమలో ఎక్కువ భాగం పోతుంది. నోట్లు రాకుండా ఖాతాలో సొమ్ము తగ్గితే ఐదు రోజుల్లోగా తిరిగి జమచేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019లో ఆదేశించింది. ఆ నియమాన్ని బ్యాంకులు పాటించగలగడానికి కారణం, డబ్బు వెళ్లే దారితో పాటు వెనక్కి వచ్చే దారిని కూడా ఎవరో కూర్చుని వేసి ఉండడమే.

నా వృత్తి జీవితంలో నేను ఆలస్యంగా, బాధతో నేర్చుకున్నది కూడా ఆ వెనక్కి వచ్చే దారి గురించే.

పన్నెండేళ్ల కిందట ఒక ఆరోగ్య బీమా ప్లాట్‌ఫాం బాధ్యత నా మీద ఉండేది. ఒకే మనిషికి నాలుగైదు రికార్డులు ఉండడం అక్కడి పెద్ద తలనొప్పి. దానికి మూలం మన పేర్లలోనే ఉంది. విదేశీ పద్ధతిలో తయారైన ఫారం మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు ఇస్తుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, పేరు తర్వాత వస్తుంది. కౌంటర్లో కూర్చున్న ఒకరు ఇంటిపేరును మొదటి గడిలో రాస్తారు, ఇంకొకరు చివరి గడిలో రాస్తారు, మరొకరు ఒక్క పొడి అక్షరంతో సరిపెడతారు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి ఉంటుంది. లక్ష్మి అన్న చిన్న పేరునే ఇంగ్లిషులో ‘కె-ఎస్-హెచ్’ పెట్టి కొందరు, వాటి బదులు ‘ఎక్స్’ పెట్టి కొందరు రాస్తారు. ఈ చిక్కు తీర్చడానికి పేరు పోలికను, పుట్టిన తేదీని చూసి రికార్డులను తనంతట తానే కలిపేసే నియమం ఒకటి మేము రాశాం. ఒక వారంలో వేల రికార్డులు కలిసిపోయాయి. అందరూ అభినందించారు, నేనూ పొంగిపోయాను.

తర్వాత ఒకనాడు ఒక పెద్దావిడ కొడుకు ఫైలు పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. తల్లికి ఆపరేషన్ అయితే, ఆమెకు ముందు నుంచే మధుమేహం ఉందని, ఆ సంగతి దాచిపెట్టారని చెప్పి క్లెయిమ్ తిరస్కరించారు. ఆమెకు ఆ జబ్బు లేదు. అదే పేరుతో మరో జిల్లాలో ఉన్న ఇంకొక ఆవిడ రికార్డు ఈమె రికార్డులో కలిసిపోయింది. పేరు ఒకటే, పుట్టిన సంవత్సరం ఒకటే, తేదీ కూడా ఇద్దరికీ జనవరి 1. పుట్టిన తేదీ తెలియని మన పెద్దవాళ్లకు జనవరి 1 అని రాసే అలవాటు ఎంత విస్తారంగా ఉందో మన ఇళ్లలో ఎవరినడిగినా చెబుతారు. ఇద్దరు తెలుగు తల్లుల పేర్లు, తేదీలు ఒకటి కావచ్చునన్న సంగతి హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నాకు తట్టకపోవడం నా తప్పు. అంతకంటే పెద్ద తప్పు, కలిపిన రికార్డులను విడదీసే పద్ధతిని మేము కట్టనేలేదు. బ్యాకప్‌లు తవ్వి, ఆసుపత్రి కాగితాలు తెప్పించి, ఆ రెండు రికార్డులను విడదీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆ అబ్బాయి అప్పు మీద వడ్డీ కడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత నా బృందంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. మార్పును వెనక్కి తీసుకునే మార్గం సిద్ధంగా లేనిదే ఏ నియమమూ ప్రొడక్షన్‌లోకి, అంటే జనం వాడే అసలు వ్యవస్థలోకి, వెళ్లకూడదు. రిలీజులు ఆలస్యమవుతున్నాయని పైవాళ్లు అసంతృప్తి చెందారు. కానీ ఆ కట్టుబాటే మమ్మల్ని కృత్రిమ మేధ కాలంలో కాపాడిందని నేను దృఢంగా నమ్ముతున్నాను.

2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చాక, మాతో పనిచేసే ఒక బ్యాంకు ఖాతాదారుల ఫిర్యాదులను చదివి, సారాంశం రాసి, తగిన విభాగానికి పంపే సాధనాన్ని కోరింది. మేము కట్టాం. పరీక్షలలో బాగా పనిచేసింది. ఆ పరీక్ష వాక్యాలు రాసింది మేమే, ‘నా ఖాతాలో డబ్బు జమ కాలేదు’ వంటి శుద్ధమైన తెలుగులో. వాడుకలోకి వెళ్లిన రెండో వారంలో, కాల్ సెంటర్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక అమ్మాయి ఫోన్ చేసి, కొన్ని ఫిర్యాదులు పరిష్కారం కాకుండానే మూతపడుతున్నాయని చెప్పింది. ఆమె చూపించిన మొదటి ఫిర్యాదు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: ‘పైసలు కట్ అయినయ్ గని అవతల పడలే సార్’. మా సాధనం దానికి రాసిన సారాంశం, ‘డబ్బు అవతలి ఖాతాలో పడిందని ఖాతాదారు తెలిపారు’. ‘పడలే’ అన్న మాటలోని ‘లే’ చేసే పని దానికి తెలియలేదు. ఈ నేలమీద రోజూ కోట్లమంది నోట వచ్చే ఆ ఒక్క అక్షరం జారిపోతే, పోయిన డబ్బు వచ్చిన డబ్బుగా మారిపోతుంది.

యంత్రానికి మన భాష కష్టం కావడానికి కారణాలున్నాయి. అది నేర్చుకున్న పాఠంలో తెలుగు వాటా బహు స్వల్పం, అందులోనూ మాట్లాడే తెలుగు ఇంకా స్వల్పం. కంప్యూటర్లలో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లిషు అక్షరం ఒక బైటు (కంప్యూటర్ నిల్వను కొలిచే చిన్న కొలత) తీసుకుంటే, తెలుగులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు కావాలి. ఇంగ్లిషులో 6 బైట్లలో ఇమిడే ‘తెలుగు’ అన్న మాట మన లిపిలో 18 బైట్లవుతుంది. చాలా కృత్రిమ మేధ మోడళ్లు తెలుగు మాటను ఇంగ్లిషు మాట కంటే ఎక్కువ ముక్కలుగా విరిచి చదువుతాయి కనుక ఖర్చూ, సమయమూ పెరుగుతాయి.

మేము వెంటనే చేసింది పెద్ద విద్య కాదు. మూతపడిన ఫిర్యాదులన్నిటినీ తిరిగి తెరిచాం. వెనక్కి తీసుకునే మార్గం ముందే ఉంది కనుక అది ఒక్క పూటలో అయింది. సారాంశం పక్కనే ఖాతాదారు రాసిన అసలు మాటలు కనిపించేలా మార్చాం. సాధనానికి నమ్మకం తక్కువగా ఉన్నవాటిని మనిషికి పంపాం, ఏ ఫిర్యాదునూ మనిషి చూడకుండా మూయకూడదని నిర్ణయించాం. వరంగల్, కరీంనగర్, కర్నూలు, శ్రీకాకుళం మాటతీరులు తెలిసిన కాల్ సెంటర్ సిబ్బందితోనే కొత్త పరీక్ష వాక్యాలు రాయించాం. మూడు నెలలు ఆ పని చేసింది వాళ్లు. పైవాళ్ల ముందు ప్రదర్శన ఇచ్చిన రోజున తెర మీద వాళ్ల పేర్లు లేవు, ఆ అమ్మాయి పేరు కూడా లేదు. అది నేను చేయవలసిన పని, చేయలేదు.

మన నగరం గర్వించే ప్రముఖుల జీవితాలను ఈ కోణంలో చదివితే అవి మరింత గొప్పగా కనిపిస్తాయి. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారన్నది మన పిల్లలందరికీ తెలుసు. అంతకు ముందు ఆయన అక్కడే క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే కంప్యూటర్ సేవలు), ఎంటర్‌ప్రైజ్ విభాగాన్ని నడిపారన్నది ఎంతమందికి తెలుసు? ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన శంతను నారాయణ్ 2007 చివర, ఫోటోషాప్ తయారుచేసే అడోబీ పగ్గాలు చేపట్టారు. ఒకసారి కొనుక్కుంటే సరిపోయే సాఫ్ట్‌వేర్‌ను 2013లో ఆ సంస్థ చందా పద్ధతికి మళ్లించింది. చందా అంటే ప్రతి వినియోగదారుకూ ఖాతా, ప్రతి నెలా చెల్లింపు, చెల్లింపు విఫలమైతే ఏం చేయాలన్న నియమం, దేశానికొక పన్ను. బొమ్మలు సృష్టించే ఆ సంస్థ కృత్రిమ మేధ సాధనం ఫైర్‌ఫ్లై 2023లో వచ్చేనాటికి ఆ ఏర్పాట్లన్నీ పదేళ్లుగా నడుస్తున్నాయి.

అమీర్‌పేటలో ఇప్పుడు ప్రతి బోర్డు మీదా ఏఐ అన్న మాట ఉంది. మా వీధిలోని ఒక తండ్రి, కూతురిని ఎనిమిది వారాల ఏఐ కోర్సులో చేర్చాలా అని నన్ను అడిగాడు. ఆ కోర్సు కాగితం చూశాను. ప్రశ్న ఎలా అడగాలో నేర్పుతారు. సమాచారాన్ని పద్ధతిగా దాచి వెతికే డేటాబేస్ లేదు, టెస్టింగ్ లేదు, తప్పు జరిగితే ఏం చేయాలన్నది లేనే లేదు. ముందు డేటాబేస్ నేర్పించమని చెప్పాను, అతను నమ్మినట్టు లేడు. అతను పత్రికలలో చదివిన కథల్లో డేటాబేస్ ప్రస్తావన లేదు మరి.

అందుకే మీకు నా విన్నపం. ఇకపై సాంకేతిక రంగ ప్రముఖులను కలిసినప్పుడు మీ విలేకరులు జీతం, హోదాలతో పాటు ఇవి కూడా అడగాలి. మీరు కట్టిన వ్యవస్థ పొరపాటు చేసినప్పుడు నష్టపోయిన మనిషి ఎవరి దగ్గరకు వెళ్లాలి? ఆ పొరపాటును వెనక్కి తీసుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? దాన్ని మొదట కనిపెట్టింది ఎవరు? వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లోనే వచ్చింది, తన వివరాలలోని తప్పును దిద్దించుకునే హక్కు అందులో ఉంది. ఆ హక్కు కౌంటరు దగ్గర ఎలా అమలవుతుందో చెప్పగలిగిన వారిని వెతికి, వారి మాటలను మామూలు తెలుగులో అచ్చువేయండి. కాల్ సెంటర్‌లో ఆ ‘లే’ను పట్టుకున్న అమ్మాయి వంటి వారిలో ఒకరితో ఆ శీర్షిక మొదలుపెడితే మరీ సంతోషం. అటువంటి కథనానికి సాంకేతిక విషయాలు వివరించవలసి వస్తే, ఎంత సమయమైనా కేటాయించి మీ విలేకరులతో కూర్చోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
భవదీయురాలు,
విశ్రాంత సాఫ్ట్‌వేర్ ఇంజినీరు,
మల్కాజిగిరి, హైదరాబాద్.