నీళ్ల ఫిరంగి గురించి పాపకు

అనంతపురం

పాపా,

నువ్వు గీసి పంపిన నీళ్ల ఫిరంగి బొమ్మ చూసినాను. నాలుగంగుళాల పీవీసీ పైపులో గాలి కొట్టి, ముందర బాల్ వాల్వ్ (పిడి పావు తిప్పు తిప్పితే పూర్తిగా తెరుచుకునేది) పెడతానన్నావు. వాల్వ్ ఆలోచన బాగుంది. పైపు మాత్రం వద్దు తల్లీ. దాని మీద ఆరు కిలోలని, అంటే చదరపు సెంటీమీటరుకు ఆరు కిలోల ఒత్తిడి అని, అచ్చేసి ఉంటుంది, నిజమే. ఆ లెక్క నీళ్లకు, అదీ 27 డిగ్రీల వేడిలో. నీళ్లు నొక్కినా కుదించుకోవు, అందుకే పైపు చీలితే ఒత్తిడి అక్కడికక్కడే పోతుంది. గాలి అట్లా కాదు, స్ప్రింగులాగ బలం దాచుకుని ఉంటుంది. పైపు పగిలితే ఆ బలమంతా పెంకులకు వస్తుంది. మన ఎండలకు బయట పడున్న పీవీసీ గాజులాగ పెళుసెక్కి ఉంటుంది కూడా.

కాబట్టి గాలి నిలిచే ట్యాంకు కొనేద్దాం, ధార బయటికొచ్చే మూతి, అదే నాజిల్, మనం చేసుకుందాం. ఐదు లీటర్ల చేతిపంపు స్ప్రేయర్, సేఫ్టీ వాల్వ్ ఉన్నది, కొత్తది తీసుకో. శెనక్కాయ చేనుకు మందు కొట్టిన పాతది కడిగి వాడొద్దు; మందు ప్లాస్టిక్‌లో ఇంకిపోతుంది. దానికి ఒత్తిడి చూపే గేజి ఉండదు గనక గొట్టం మధ్యలో ఇత్తడి టీ (T ఆకారపు అతుకు) పెట్టి, 0–4 కిలోల గేజి బిగించు. ట్యాంకు మీద రాసిన ఒత్తిడి దాటొద్దు. మనకు రెండు కిలోలు చాలు. పంచరు షాపు కంప్రెసర్ దగ్గరికి దాన్ని తీసుకుపోనే పోవద్దు.

రెండు కిలోల దగ్గర నీళ్లు సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తాయి. ట్యాంకు నిండా నీళ్లు పోస్తే ఎక్కువసేపు వస్తుందనుకుంటావు, అక్కడే అందరూ తప్పుతారు. మూడు లీటర్ల నీళ్లు, రెండు లీటర్ల గాలి పెడితే, నీళ్లు పోయేకొద్దీ ఆ గాలి ట్యాంకంతా పరుచుకుని, చివరికి గేజిలో 0.2 కిలోలే మిగులుతుంది. ధార కాళ్ల దగ్గర పడుతుంది. రెండు లీటర్ల నీళ్లు, మూడు లీటర్ల గాలి పెట్టు. చివరి చుక్కకు కూడా 0.8 కిలోలు ఉంటుంది. 4 మి.మీ. నాజిల్‌తో పది సెకన్లకు కాస్త పైన వస్తుంది.

నాజిల్ ఇంకా పెద్దది చేద్దామనకు. గొట్టం లోపల 8 మి.మీ. ఉంటే, నాజిల్ 4 ఉండాలి. రెండూ సమానమైతే ఒత్తిడి చాలావరకు గొట్టంలోనే అరిగిపోతుంది. స్ప్రేయర్ ట్రిగ్గర్ దారి కూడా ఇరుకే. అది తీసేసి నీ బాల్ వాల్వ్ పెట్టు.

వాల్వ్ తర్వాత ఆరంగుళాల పొడవు అరంగుళం జీఐ నిపుల్ (జింకు పూత పూసిన, రెండు కొసలకూ మర ఉన్న ఇనుప పైపు ముక్క), దాని నిండా రెండంగుళాల జ్యూస్ స్ట్రా ముక్కలు బిగుతుగా. వాల్వ్‌లో సుడి తిరిగిన నీళ్లు అక్కడ తిన్నగా అవుతాయి. దాని ముందర ఇత్తడి నాజిల్: 26 మి.మీ. పొడవులో రంధ్రం 16 నుంచి 4కి సన్నబడాలి, ఆపైన 8 మి.మీ. తిన్నగా పోవాలి. బయటి అంచు పదునుగా, శుభ్రంగా ఉండాలి. డ్రిల్లు వదిలిన చిన్న ముల్లు గోటికి తగిలినా చాలు, ధార మూతి దగ్గరే తుంపరలౌతుంది. 600 నంబరు ఎమరీ కాగితం పుల్లకు చుట్టి లోపల తిప్పు.

ధార తుపుక్ తుపుక్‌మని వస్తే ట్యాంకులోని గొట్టం చీలి గాలి పీలుస్తోందని. పంపు కొట్టినా గేజి లేవకపోతే వాషర్ ఎండింది, రెండు చుక్కల కొబ్బరినూనె వెయ్యి. బోరు నీళ్లు గుడ్డతో వడకట్టు. వాడినాక ట్యాంకు వంచి ఆరబెట్టు, లేకుంటే ఉప్పు తెల్లగా కట్టి వాల్వ్ బిగుసుకుపోతుంది.

గాలి నింపిన ట్యాంకు ఎండలో పెట్టొద్దు. ఒత్తిడి పదో వంతు పెరగడం పెద్ద విషయం కాదు, వేడికి ప్లాస్టిక్ మెత్తబడటమే భయం. మూత విప్పే ముందు సేఫ్టీ వాల్వ్ లాగి, బుస్సుమనడం పూర్తిగా ఆగేదాకా ఉండు. మనుషుల మీదికి, కుక్కల మీదికి గురిపెట్టొద్దు. ఆ ధార కంటికి తగిలితే చూపు పోవచ్చు. గోడ మీద డబ్బాలు పెట్టుకో. దూరం కొట్టాలంటే 45 కాదు, 30–35 డిగ్రీల ఎత్తు పెట్టు. గాలి ధారను చీల్చేస్తుంది గనక.

జీఐ నిపుల్ లోపలి కొలత సరిగ్గా చూసి రాయి. 16 మి.మీ. అయితే ఇక్కడే లేత్ షాపులో నాజిల్ చేయించి పంపిస్తాను.

మీ నాయన