‘ఐ’ మీది చుక్కను చిన్నచూపు చూడొద్దు

సంపాదకుల వారికి,

తెలుగు లిపిలో క్యాపిటల్, స్మాల్ అన్న తేడా లేదు, ఇంగ్లీషులో ఆ మార్పిడి సూటిగానే జరుగుతుంది. అందువల్ల మనం రాసిన యాప్‌ను తెలుగులో పరీక్షించినా, ఇంగ్లీషులో పరీక్షించినా అంతా సవ్యంగానే ఉంటుంది. అదే యాప్ టర్కిష్ భాష పెట్టుకున్న ఫోన్‌లో లాగిన్ దగ్గరే ఆగిపోవచ్చు. జావా నేర్పే ఇంజినీరింగ్ కాలేజీలు స్ట్రింగ్ (అక్షరాల వరుస) పాఠంలోనే ఈ సంగతి చెప్పాలి.

1928లో లాటిన్ లిపికి మారిన టర్కిష్‌లో ‘ఐ’లు రెండు జతలు. చుక్క ఉన్న చిన్న ఐకి క్యాపిటల్ కూడా చుక్కతోనే ఉంటుంది, దాని యూనికోడ్ (ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం) సంఖ్య 0130. చుక్క లేని క్యాపిటల్ ఐకి చిన్నదీ చుక్క లేనిదే, దాని సంఖ్య 0131. జావాలో అక్షరాలను చిన్నవి చేసే టులోయర్‌కేస్‌కు లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగు) ఇవ్వకపోతే అది మెషీన్‌ లొకేల్‌నే తీసుకుంటుంది. టర్కిష్ ఫోన్‌లో క్యాపిటల్స్‌లో ఉన్న ‘ఐడీ’ని చిన్నక్షరాలు చేస్తే మొదటి అక్షరం చుక్క పోగొట్టుకుంటుంది. చుక్కతో దాచిన కీ (విలువను వెతికే పేరు) ఇక మ్యాప్‌లో (ఆ కీల పట్టికలో) దొరకదు, నల్ (ఖాళీ) వస్తుంది. లాగ్‌లో చూసినా ఆ చుక్క లేకపోవడం కంటికి ఆనదు, అందుకే ఈ బగ్ రోజుల తరబడి సతాయిస్తుంది.

మెషీన్ చదివే మాటలనూ మనిషి చదివే మాటలనూ వేరు చేయాలి. కీలు, ఫైల్ ఎక్స్‌టెన్షన్లు, కాలమ్ పేర్లయితే జావాలో ఏ భాషకూ కట్టుబడని లొకేల్.రూట్ ఇవ్వాలి. కోట్లిన్ 1.5లో వచ్చిన లోయర్‌కేస్ ఫంక్షన్‌కు ఆ బెడద లేదు. సీ షార్ప్‌లో టులోయర్‌ఇన్వేరియంట్ ఉంది. పోల్చడానికే అయితే అసలు మార్చనే వద్దు, పెద్దా చిన్నా తేడా లేకుండా పోల్చే ఆర్డినల్‌ఇగ్నోర్‌కేస్ చాలు. తెర మీద చూపే పేర్లకు మాత్రం వాడుకరి లొకేలే ఇవ్వాలి. ఇజ్మీర్ నగరం పేరు క్యాపిటల్స్‌లో రాస్తే రెండు ఐల మీదా చుక్కలుండాలి, లేకుంటే టర్కీవారికి అది అక్షరదోషం.

పొడవు మారుతుందన్నదీ మరవకూడదు. జర్మన్ అక్షరం ఎస్‌జెట్ (ß) క్యాపిటల్‌లో రెండు ఎస్‌లవుతుంది. 2017లో పెద్ద ఎస్‌జెట్‌కు అధికారిక ఆమోదం దొరికినా యూనికోడ్ మామూలు నియమం ఇప్పటికీ అదే. చుక్కున్న క్యాపిటల్ ఐని రూట్ లొకేల్‌లో చిన్నది చేస్తే ఐ, దాని వెంట 0307 అనే విడి చుక్క వస్తాయి. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో 2 బైట్లది 3 అవుతుంది. మార్చక ముందు లెక్కేసిన స్థానాలతో తర్వాతి స్ట్రింగ్‌ను కోస్తే అక్షరాలు తప్పుతాయి.

విడుదలకు ముందు జావా ప్రోగ్రాములను నడిపే జేవీఎంకు యూజర్ లాంగ్వేజ్ టీఆర్ (టర్కిష్), కంట్రీ టీఆర్ (టర్కీ) అని ఇచ్చి యూనిట్ టెస్టులన్నీ మరోసారి నడపాలి. లొకేల్ మరచిపోయిన చోట్లు అక్కడ చాలావరకు బయటపడతాయి.

– ఒక ప్రోగ్రామర్, విశాఖపట్నం