బెర్గెన్ పేటల పిల్లలు బాలసైనికులు కారు

సంపాదకులకు,

అయ్యా,

మీ ఆదివారం అనుబంధంలో నార్వే రాజ్యాంగ దినోత్సవం గురించి వేసిన ఫొటోల్లో ఒకదాని కింద ‘బాలసైనికుల కవాతు’ అని రాశారు. బెర్గెన్ నగరంలో తీసిన ఆ ఫొటోలో చిన్న పిల్లలు యూనిఫారాలు తొడుక్కుని, భుజాన కొయ్య తుపాకులు పెట్టుకుని, డ్రమ్ముల వెనక బారులు తీరి నడుస్తున్నారు. అది చూసి ఒక పాఠకుడు అదే వారంలో లేఖ రాస్తూ, శాంతి బహుమతి ఇచ్చే దేశం పసివాళ్ల చేతికి ఆయుధాలిస్తున్నదని ఎంతో బాధపడ్డారు. ఆ శీర్షిక చదివిన వారెవరికైనా ఆ బాధ కలగడం సహజమే గనుక ఆయనను తప్పుపట్టలేను. కాని ఆ పిల్లలను నేను దగ్గరగా చూసి వచ్చినవాణ్ణి. వాళ్ల మీద పడిన ఆ మాటను సవరించకుండా ఊరుకోవడం నాకు న్యాయంగా తోచలేదు.

నేను గోదావరి జిల్లాల్లోని ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు వ్యాయామోపాధ్యాయుడిగా, అంటే ఊళ్లో అందరూ పిలిచినట్టు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి విరమించాను. మా అమ్మాయి పురిటి కోసం నా భార్యా నేనూ బెర్గెన్ వెళ్లి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా అక్కడే ఉన్నాం. ఏడు కొండల నడుమ, సముద్రం ఒడ్డున, ఏడాదిలో 200 రోజులకు పైగా వాన కురిసే ఊరు అది. వెళ్లిన మొదటి వారంలో ఒక సాయంత్రం కొండవాలు సందుల్లోంచి డ్రమ్ముల మోత వినిపించింది. దగ్గరలో ఏదో బడి ఉన్నదనీ, వార్షికోత్సవానికి పిల్లలను తయారు చేస్తున్నారనీ అనుకున్నాను. కిందికి దిగి చూస్తే అక్కడ బడీ లేదు, మాస్టారూ లేడు.

వాళ్లను అక్కడ ‘బూఎకోర్ప్స్’ అంటారు. ‘బూఎ’ అంటే విల్లు. విలుకాళ్ల దళం అని చెప్పుకోవచ్చు. ఇది 1850ల నాటి నుంచి వస్తున్న ఆచారం. ఆ రోజుల్లో బెర్గెన్ పౌరులకు సొంత రక్షకదళం ఉండేది. పెద్దవాళ్లు వీధుల్లో కవాతు చేస్తుంటే పేటల్లోని మగపిల్లలు చూసి, కర్రలు భుజాన వేసుకుని అనుకరించడం మొదలుపెట్టారు. ప్రతి పేట పిల్లలూ తమకంటూ ఒక దళం, ఒక జెండా, ఒక డ్రమ్ము ఏర్పరచుకున్నారు. పెద్దల రక్షకదళం కాలగర్భంలో కలిసిపోయింది గాని పిల్లల దళాలు నిలిచాయి. డ్రెగ్గెన్ పేట దళం 1856లో, నోర్డ్‌నెస్ దళం 1858లో, స్కాన్‌సెన్ దళం 1860లో పుట్టి ఇప్పటికీ నడుస్తున్నాయి. మధ్యలో ఎన్నో పుట్టాయి, ఎన్నో ఆగిపోయాయి. నార్వేలోని మరికొన్ని పట్టణాలూ ఈ పద్ధతిని తెచ్చుకున్నా అక్కడ చాలావరకు నిలవలేదు. బెర్గెన్‌లో మాత్రం పదికి పైగా దళాలు నేటికీ ఉన్నాయి.

నన్ను నిలబెట్టేసిన విషయం వాటి వయసు కాదు. ఆ దళాలలో ఏడేళ్ల పిల్లవాడి నుంచి 20 ఏళ్ల యువకుడి దాకా ఉంటారు. నడిపేది కూడా వాళ్లే. ఆజ్ఞ ఇచ్చేది పెద్ద పిల్లలు, అందుకునేది చిన్న పిల్లలు. ఈ ఏడు చివరి వరసలో నడిచినవాడు పదేళ్లు పోయాక కత్తి పట్టుకుని ముందు నడవవచ్చు. తల్లిదండ్రులు దుస్తులు కుట్టించి ఇస్తారేమో, వర్షంలో పక్కన నిలబడి చూస్తారేమో గాని, ‘సావధాన్, విశ్రామ్’ అనే అధికారం వాళ్లకు లేదు. నా ఉద్యోగం పొడవునా విజిల్ నా మెడలోనే ఉండేది. నేను ఊదితే పిల్లలు కదిలేవారు, ఊదకపోతే ఆగేవారు. నేను సెలవు పెట్టిన రోజున మైదానం ఖాళీగా ఉండేదని తోటి ఉపాధ్యాయులు చెబితే అప్పట్లో నాకు గర్వంగా ఉండేది. బెర్గెన్ సందులో నిలబడ్డాక ఆ గర్వం గురించి చాలాసేపు ఆలోచించాను.

ఆ సాయంత్రం చూసినది ఒకటి చెబుతాను. బండరాళ్లు పరిచిన ఎత్తైన సందు, పైగా తడిసి జారుతోంది. చివరి వరసలో ఏడెనిమిదేళ్ల పిల్లవాడి కొయ్య తుపాకి మాటిమాటికీ భుజం మీంచి జారి మోచేతి దగ్గరికి వస్తోంది. వాడు దాన్ని సర్దుకునేలోగా అడుగు తప్పుతోంది, అడుగు కలుపుకునేలోగా తుపాకి జారుతోంది. పక్కన నడుస్తున్న పదహారు, పదిహేడేళ్ల కుర్రవాడు అది గమనించి, దళాన్ని ఆపకుండానే నడక తగ్గించి, వాడి పక్కకు వచ్చి, వంగి తుపాకి మడమ వాడి అరచేతిలో సరిగ్గా కూర్చోబెట్టి, మోచెయ్యి ఒంటికి ఆనేలా నొక్కాడు. తర్వాత ఓ పది అడుగులు వాడితో కలిసి, కాస్త పొట్టి అడుగులు వేస్తూ నడిచి, వాడి లయ కుదిరాక తన చోటికి వెళ్లిపోయాడు. ఒక్క మాట లేదు, కసురు లేదు. బి.పి.ఇడి. పాఠాల్లో మాకు చెప్పినది సరిగ్గా అదే. నేనైతే చాలాసార్లు కేక వేసి ఊరుకున్నాను. ఆ కుర్రవాడికి దాన్ని ఎవరు నేర్పి ఉంటారని ఆలోచిస్తే, తన ఏడో ఏట తన మోచెయ్యి నొక్కిన మరో కుర్రవాడే అయి ఉండాలనిపించింది.

ఇక ఆయుధాల మాట. చిన్నవాళ్లు మోసేవి పేలని, పేల్చలేని కొయ్య తుపాకులు. కొన్ని దళాలు పేరుకు తగ్గట్టు విల్లుల నమూనాలు పట్టుకుంటాయి. అధికారి హోదా వచ్చిన పెద్ద పిల్లల చేతిలో కత్తి ఉంటుంది. సైన్యానికీ వీళ్లకూ సంబంధం లేదు. దళంలో చేరడం ఇష్టం, మానడం ఇష్టం. పైగా మే 17 అనే ఆ రోజు స్వభావమే వేరు. 1814లో ఐడ్స్‌వోల్‌లో రాజ్యాంగం మీద సంతకాలు చేసిన ఆ తేదీని నార్వే ప్రజలు సైనిక ప్రదర్శనతో జరుపుకోరు. ఊరూరా బడిపిల్లలు జెండాలు ఊపుతూ సాగే ఊరేగింపే వాళ్ల పండుగ. బెర్గెన్‌లో ఆ ఊరేగింపుకు డ్రమ్ము దరువు వేసేది ఈ పేటల పిల్లలు. రూపం సైనికుల నుంచి వచ్చిందన్న మాట నిజమే, దాన్ని దాచనక్కరలేదు. పిల్లల చేతిలో తుపాకి ఆకారం ఉండడమే తప్పని అనుకునేవారు ఉంటే వాళ్లతో వాదించను. అది ఆలోచించదగిన అభిప్రాయమే. అయితే బాలసైనికులు అనే మాటకు ఒక అర్థం ఉంది. ఇళ్ల నుంచి ఎత్తుకుపోయి, నిజమైన తుపాకి ఇచ్చి, యుద్ధంలోకి తోసిన పిల్లలను ఆ మాటతో పిలుస్తాం. సాయంత్రం కవాతు ముగించి అన్నానికి ఇంటికి పోయే పిల్లలకు అదే మాట వాడితే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే.

ఈ దళాలలో నాకు నచ్చనిది ఏదీ లేదని అనను. 1990ల మొదటిదాకా వీటిలో ఆడపిల్లలకు చోటు లేదు. 1981లోనే గ్రో హార్లెమ్ బ్రుంట్‌లాండ్ అనే మహిళ ప్రధానమంత్రి అయిన దేశంలో, ఆ తర్వాత పదేళ్లకు గాని బెర్గెన్ ఆడపిల్ల డ్రమ్ము మెడకు తగిలించుకుని తన పేట వీధిలో నడవలేకపోయింది. ఆడపిల్లల దళాలు మొదలైనప్పుడు ఊళ్లో వ్యతిరేకత బాగానే వచ్చింది. ఇప్పుడు ఆడపిల్లల దళాలూ, అందరూ కలిసి నడిచే దళమూ ఉన్నాయి. పాత దళాలు మాత్రం చాలావరకు మగపిల్లలవిగానే కొనసాగుతున్నాయి. సంప్రదాయాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలనే వారి వాదన నాకు అర్థమవుతుంది గాని, పేటలో పుట్టిన ఆడపిల్లకు ఆ పేట జెండా పరాయిది ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. మా మనవరాలు పుట్టింది ఆ ఊళ్లోనే గనుక ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టినది కాదు.

మోత గురించి కూడా నిజమే చెప్పాలి. వసంతం వచ్చిందని ఆ ఊరివాళ్లకు చెప్పేది ముందుగా డ్రమ్ములే. ఇళ్లు దగ్గరదగ్గరగా, చాలావరకు కొయ్యతో కట్టినవి కావడం వల్ల, కొండకు తగిలి తిరిగి వచ్చే ఆ శబ్దం కిటికీలు మూసినా లోపలికి వస్తుంది. పసిబిడ్డను గంటసేపు జోకొట్టి అప్పుడే పడుకోబెట్టిన మా అమ్మాయి, వీధి మలుపులో దరువు మొదలవగానే నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. కొత్తగా వచ్చి స్థిరపడినవాళ్లు విసుక్కోవడం, అప్పుడప్పుడు ఫిర్యాదు చేయడం అక్కడ మామూలే. కింది అంతస్తులో ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉండేవారు. డ్రమ్ము వినగానే ఆవిడ కిటికీ బార్లా తెరిచి, మోచేతుల కింద దిండు పెట్టుకుని, చివరి పిల్లవాడు మలుపు తిరిగేదాకా చూసేవారు. వాళ్ల అన్న ఆ దళంలోనే నడిచాడట. మా అమ్మాయి ఆవిడ మాటలను నాకు తెలుగులో చెప్పింది. ఆ తర్వాత బిడ్డ లేచినా మా ఇంట్లో ఎవరూ సణగలేదు.

ఈ ఆచారానికి అసలు కష్టం మోత మీది ఫిర్యాదులు కాదని నాకు అనిపించింది. పేటకో దళం నిలవాలంటే పేటలో పిల్లలుండాలి. నగరం నడిబొడ్డున ఇళ్లు చిన్నవి, ఖరీదైనవి; పిల్లలున్న కుటుంబాలు శివార్లకు తరలిపోతే దళంలో వరసలు పలచబడతాయి. నేను చూసిన దళంలో ముందు నడిచే పెద్దవాళ్లకు వెనక నడిచే చిన్నవాళ్లు సరిపోయేంత మంది లేరు. అయినా తమ పేరును, ఆ పేరు రాసే తీరును కూడా వాళ్లు వదులుకోలేదు. 19వ శతాబ్దం నడుమ నార్వేలో రాత భాష డేనిష్. ఆ కాలపు వర్ణక్రమం ఆ తర్వాత మారిపోయి, వీధి పలకల మీద పేటల పేర్లు కొత్త తీరులో కనిపిస్తున్నా, డ్రెగ్గెన్, నోర్డ్‌నెస్ దళాల పేర్లలో నేటికీ పాత అక్షరాలే ఉన్నాయి. 1561లో కట్టిన ‘మూరెన్’ అనే రాతి కట్టడంలో, కమాను కింద నుంచి వీధి సాగిపోయే చోట, ఈ దళాల మ్యూజియం ఉంది. దళం పుట్టినరోజు నాడు, ఒకప్పుడు అందులో నడిచి ఇప్పుడు తాతలైనవాళ్లు కూడా వస్తారు. వాళ్లకు ఆజ్ఞ ఇచ్చే పని ఉండదు. పిల్లల దళానిదే ఆ రోజు.

అందుచేత నా మనవి ఒక్కటే. ఆ ఫొటో శీర్షికను సవరిస్తూ వచ్చే ఆదివారం సంచికలో ‘బెర్గెన్ పేటల బూఎకోర్ప్స్ పిల్లలు’ అని నాలుగు మాటలు వేయండి. ఆ ఊళ్లో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మీ పత్రిక ఫోన్లలో చదువుతారు. వాళ్ల పిల్లల్లో ఎవరో ఒకరు ఇప్పటికే డ్రమ్ము పుల్లలు కొనిపెట్టమని మారాం చేస్తూ ఉండవచ్చు. ఆ ఇంట్లోవాళ్లు మీ శీర్షిక చదివి వద్దనకముందే ఆ సవరణ వస్తే సంతోషిస్తాను.

భవదీయుడు,
విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం