సర్కస్ పోస్టరు కొనేముందు

చిట్టితల్లీ,

సిన్సినాటిలో పాత సామాన్ల కొట్లో చూశానని నువ్వు పంపిన ‘బార్నమ్ అండ్ బెయిలీ’ అనే పాత అమెరికన్ సర్కస్ పోస్టరు ఫోటో చూశాను. డబ్బు మాత్రం ఇప్పుడే ఇవ్వకు. ఫోటోలో అసలుకీ నకలుకీ తేడా తేలదు. పది రెట్లు పెద్దది చేసి చూపించే భూతద్దం ఒకటి పట్టుకెళ్లు.

అసలుదైతే అది లితో పని, అంటే రాతిమీంచి ముద్రించింది. బవేరియాలో సోల్న్‌హోఫెన్ దగ్గర తవ్విన సున్నపురాతి పలకని అరగదీసి, కొవ్వు కలిసిన క్రేయాన్‌తో బొమ్మని తిరగేసి గీసేవారు. దానిమీద కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపిన తుమ్మజిగురు పూసేవారు. రాయిని తడిపి సిరా రోలరు దొర్లిస్తే గీత ఉన్నచోట సిరా పట్టుకుంటుంది, తడి ఉన్నచోట పట్టదు. రంగుకొక రాయి. ఎన్ని రంగులుంటే కాగితం అన్నిసార్లు మిషనెక్కాలి. మధ్యలో గాలిలో తేమ మారితే కాగితం సాగి రంగు పక్కకి జరుగుతుంది. పులి మీసం పక్కన సన్నగా ఎర్రంచు కనబడితే బేరం తగ్గించుకో, కానీ నకలని అనుకోకు.

చుక్కలు చూడు. క్రేయాన్ వేసిన నీడలో గరుకు గింజలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. అక్కడక్కడా వరసగా చుక్కలుంటే అవి బెన్ డే తెరతో (వరస చుక్కలు ఉబ్బెత్తుగా ఉండే పలచటి పొర) రాతిమీదకి దింపినవి కావచ్చు, అసలులోనూ ఉంటాయి. అందుకని నల్లక్షరాల అంచు చూసి తేల్చుకో. అసలులో నలుపు నిండుగా ఉంటుంది. ఫోటో తీసి ఆఫ్‌సెట్‌లో వేసిన నకలులో ఆ అంచు కూడా నాలుగు రంగుల చుక్కలుగా చితికిపోయి, చిన్నచిన్న పువ్వుల్లా కనిపిస్తుంది.

టేపు పెట్టి కొలువు. అప్పటి ఒక షీటు దాదాపు 28×42 అంగుళాలు. గోడలకి వేసే పెద్ద పోస్టర్లు ఈ షీట్ల లెక్కనే 24 షీట్లకీ, ఆపైకీ వెళ్లేవి. 24×36 ఉందంటే అది ఇప్పటి పోస్టరు కొలత. అంచు కత్తిరించి ఉంటే అనుమానించు. ఈ సర్కస్‌కి పోస్టర్లు అచ్చేసిన స్ట్రోబ్రిడ్జ్ లితోగ్రాఫింగ్ కంపెనీ మీ ఊరిదే, ముద్రించినవాళ్ల పేరు మామూలుగా ఆ అంచునే ఉంటుంది.

కింద వేరే కాగితప్పట్టీ అతికించి ఉంది చూశావా? మన సినిమా పోస్టరు కింద థియేటర్ పేరు చీటీ అంటించినట్టే. బొమ్మ ఊరూరికీ ఒకటే, ఊరి పేరూ తేదీ మాత్రం అచ్చక్షరాలతో విడిగా కొట్టేవారు. చాలా ఊళ్లలో సర్కస్ ఉండేది ఒక్కరోజే, ఆ రోజు డేరా నిండకపోతే మళ్లీ అవకాశం లేదు. అందుకే ప్రచారం బోగీ వారాల ముందే రైల్లో వచ్చేది. అందులోనే బాయిలర్ ఆవిరితో గోధుమపిండి జిగురు ఉడికించుకునేవారు. పెద్ద పోస్టర్లని కిందనుంచి పైకి అంటించేవారు, పై షీటు కింది షీటు మీదకి ఎక్కితే వాన మన ఇంటికప్పు పెంకుల మీదలాగే జారిపోతుంది. పోటీ సర్కస్ వస్తుందని తెలిస్తే వాళ్లని తిడుతూ కాగితాలు వేసేవారు. వాటిని ‘రాట్ షీట్లు’ అనేవారు. ఆ తిట్లు చదవడానికి భలే ఉంటాయి.

ఇంతకీ పట్టీ మీద ‘మంగళవారం, ఆగస్టు 15’ అని ఉంది, సంవత్సరం లేదు. క్యాలెండరే చెబుతుంది. ఆ పేరుతో సర్కస్ నడిచిన కాలంలో ఆగస్టు 15 మంగళవారం పడ్డవి 1893, 1899, 1905, 1911, 1916. 1899లో ఆ సర్కస్ యూరప్‌లో తిరుగుతోంది, కాబట్టి అది కొట్టెయ్. 1919 నుంచి రింగ్లింగ్ బ్రదర్స్ అనే ఇంకో సర్కస్‌తో కలిసిపోయింది. పోస్టరు మీద రెండు పేర్లూ కలిపి ఉండి, కొట్టువాడు 1911 అంటే లేచి వచ్చెయ్.

గోడకెక్కిన కాగితం ఎలాగూ మిగలదు. మిగిలినవి ఎక్కువగా వాడకుండా ఉండిపోయినవే, కాబట్టి జిగురు మరక లేదని అనుమానించకు. పట్టీ కూడా ఉంటే ఇంకా అరుదు. కొంటే మాత్రం మడతల మీద ఇస్త్రీ పెట్టకు, వెనక సెల్లోటేపు వెయ్యకు, లామినేషన్ అసలే వద్దు.

ఆ పట్టీని దగ్గరగా, వెలుతురు పక్కనుంచి పడేలా ఇంకో ఫోటో తీసి పంపు. అచ్చు నొక్కుడు కనబడుతుందేమో చూస్తాను.

ఉంటాను,
అమ్మ